గులాబీ రంగు లెక్క

గుంటూరు పట్నం బజారులో మా ఎరువుల కొట్టు.
ముప్ఫై రెండేళ్ళుగా గుమాస్తాని.
యూరియా తెల్లగా, పొటాష్ ఇటుకపొడిలా,
నా వేలిసందుల్లో ఎప్పుడూ ఏదో ఒక ఉప్పు.

మేడ మీద గదిలో అద్దెకుండే దైవకృప
బురద మీద చదువుతోంది.
మొదటిసారి విన్నప్పుడు నవ్వాను:
బురదలో చదవడానికేముంది, తొక్కడం తప్ప.

నెలకోసారి నిజాంపట్నం వెళ్ళొస్తుంది
కొక్కిలిగడ్డ నాంచారయ్య పడవెక్కి.
ఇనప నోరున్న పెట్టెను తాడుతో దింపి
సముద్రం అడుగును ఒక ముద్ద కొరికి తెస్తారట.
ఆ డబ్బాలు ఆటోలోంచి నేనే దించుతాను.
మురిగిన కోడిగుడ్డు, తడిసిన అగ్గిపుల్ల,
ఈసారి ఎలా ఉందో మెట్ల మీదే
వాసన చెప్పేస్తుంది.

పెరట్లో పంపు కింద జల్లిస్తుంది,
మా అమ్మ పిండి జల్లించినట్టే.
కాకపోతే ఇక్కడ జల్లెట్లో మిగిలిందే సరుకు.
దాని మీద గులాబీ రంగు పోస్తుంది.
పట్టేనాటికి ప్రాణమున్నవాటికే రంగు.
ముందే చచ్చిన గుల్లలు తెల్లగా ఉండిపోతాయి.

"ఇదిగో బాబాయ్, చూడండి."
అద్దంలో కన్ను పెట్టాను.
దారపు పోగంత పురుగు.
పక్కన ఇంకోటి. ఇంకోటి. అన్నీ ఒకటే జాతి.
"ఇంత సంత! బాగానే ఉన్నాయిగా!"
"అదే భయం," అంది.

వాళ్ళ మేడమ్ నాటి పాత సీసాలు తీసింది.
అరచేయంత ఆలిచిప్ప.
ఐదు సన్నటి చేతులు చాచిన పాముతోక నక్షత్రం.
లోతుగా బొరియ తవ్వి
నీటిని కిందికి తోడుకునే లావుపాటి పురుగు.
"వీళ్ళు ఆ నేల దున్నేవాళ్ళు బాబాయ్.
వీళ్ళు లేక బీడు పడింది.
మీరు చూసింది బీట్లో గడ్డి."

దున్నేవాళ్ళు పోవడం నాకు తెలిసిన సంగతే.

ఎందుకని అడిగితే
మా కొట్టు వైపు వేలు చూపలేదు. మర్యాదస్తురాలు.
మిరప తిన్నది తినగా మిగిలిన బస్తా
వానకు కరిగి, నల్లమడలో పడి,
సముద్రం చేరి, నీళ్ళ మీద పచ్చటి పైరవుతుందట.
కోసేవాడు లేని పైరు.
చచ్చి, తవుడులా కిందికి రాలి,
కుళ్ళుతూ కుళ్ళుతూ
అడుగునున్న ఊపిరంతా తాగేస్తుంది.
దానికితోడు నీళ్ళు వేడెక్కాయి.
వేడి నీళ్ళలో గాలి నిలవదు,
పై నీరు దుప్పటిలా కప్పేసి కిందికి దిగనివ్వదు.
మే నెలలో తలుపులేసిన గిడ్డంగిలో
బస్తాల మధ్య పడుకున్నవాణ్ణి,
నాకు వేరే చెప్పాలా.

ఊపిరాడకపోతే ఆలిచిప్ప ఏం చేస్తుందన్నాను.
బురదలోంచి పైకొచ్చి
ఒట్టి నేల మీద నోరు తెరుచుకుంటుందట.
పరిగెత్తే కాళ్ళుండవు కదా.

చేపలకు రెక్కలున్నాయి, పోయాయి.
నాంచారయ్యకు ఇంజనుంది,
ఇంకో పది మైళ్ళు వాటి వెనక,
డీజిలు అప్పు మీద.

ఆ రాత్రి చిట్టా తీశాను.
ప్రత్తిపాడు గోవర్ధనం. డీఏపీ ఆరు. యూరియా పది. బాకీ.
ఎనిమిది చాలన్నాడు ఆ రోజు.
"ఇంకో రెండేసుకో, కాపు దిగుతుంది,"
అన్నది ఎవరు? షావుకారు కాదు. నేనే.
కాపు దిగింది. ధర కూడా దిగింది.
మొన్న కొట్టు మెట్ల మీద కూర్చున్నాడు గోవర్ధనం,
ఏదో అడగబోయి, అడగక,
నోరు తెరుచుకుని.

పొద్దున్నే చేతులు కడుక్కోవడానికి పెరట్లోకెళ్ళాను.
పంపు తిప్పి, ఆపేశాను.
ఈ నీళ్ళు ఎటు పోతాయో ఇప్పుడు తెలుసు.
రాత్రి ఆ అమ్మాయి సీసా మూత బిగించినప్పుడు కాబోలు
బొటనవేలికి రంగంటింది.
రుద్దాను. పోలేదు.

ప్రాణమున్నవాటికే అంటుతుందంది కదా,
చూసుకుంటూ నిలబడ్డాను.